మమత చెప్పబోయిన మాట

ఈ బరువును ఎన్నాళ్ళుగా మోస్తున్నానో లెక్కపెట్టడం మానేశాను. మొదట్లో అది బరువుగానే తెలిసేది. కంచం ముందు కూర్చుంటే తెలిసేది. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికి కాస్త కళ్ళు మూసుకుంటే తెలిసేది. ఇప్పుడు తెలియడం లేదు. తిమ్మిరెక్కిన చెయ్యిని గిల్లితే ఎవరి చెయ్యినో గిల్లినట్టుంటుంది చూడండి, అట్లా ఉంది. ఏడుపొచ్చి ఇది రాయడం లేదు. రావడం లేదనే రాస్తున్నాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. తెలుగు పంతులమ్మను, అంత చాలు. ఇప్పుడు పాఠాలు చెప్పేది పిల్లలకు కాదు. రేపు బడుల్లో తెలుగు చెప్పబోయేవాళ్ళకు, పాఠం చెప్పడం ఎట్లాగో బీఎడ్ కాలేజీలో నేర్పుతాను. నా పాఠాల్లో ఒకదానికి మంచి పేరుంది. ప్రశ్న అడిగాక ఆగడం గురించిన పాఠం అది. పిల్లలు జవాబు వెతుక్కుంటున్నంతసేపూ టీచరు నోరు మూసుకొని ఎట్లా నిలబడాలి, ఆ నిశ్శబ్దానికి ఎట్లా భయపడకూడదు అన్నది విషయం. అందులో నత్తి ఉన్న ఒక అమ్మాయి కథ చెబుతాను. ఏటా చెబుతాను. సగమే చెబుతాను.

మిగతా సగం ఇది.

మాది పాతబస్తీలో ఒక ఇరుకు గల్లీ. నాన్న అదే గల్లీలోని చిన్న గుడిలో అర్చకుడు. మా ఇంట్లో పిల్లలకు మాటలు రావడంతోనే శ్లోకాలు మొదలు. మధ్యలో ఎక్కడైనా తడబడితే నాన్న కోప్పడేవాడు కాదు, ఆగమన్నట్టు చెయ్యెత్తేవాడు, అంతే. మళ్ళీ మొదటి నుంచి చదవాలి. నేను తడబడేదాన్ని కాదు. గుడికి వచ్చినవాళ్ళు "అమ్మాయి గొంతు గంటలాగుంది పంతులుగారూ" అంటే పొంగిపోయేదాన్ని. నాకు తెలిసిన గొప్పతనం అదొక్కటే. ఎదుటివాళ్ళు మాట కోసం తడుముకుంటే నాకు ఒళ్ళు మండేది. వాళ్ళ మాట నేనే పూర్తి చేసేసేదాన్ని. తెలుగు టీచరును కావాలనుకోవడానికి కారణం కూడా, ఇప్పుడు ఆలోచిస్తే, పిల్లల మీద ప్రేమ కాదేమో. నా గొంతు నేను వినాలని కావచ్చు.

బీఎడ్‌లో బడికి పంపుతారు కదా, నన్ను పురానాపూల్ దగ్గర ఒక సర్కారు బడికి వేశారు. పొద్దున్నే అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి, ఇంకో బస్సు రాకపోతే నడిచి పోయేదాన్ని. మొదటి వారాలు పాఠం చెప్పనివ్వరు. ఆఖరి బెంచీలో కూర్చొని అక్కడి టీచరు ఎట్లా చెబుతున్నారో చూడాలి, చూసింది రాయాలి. నేను చూడాల్సింది అనసూయ టీచరును. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. నేత చీర, వాచీ లేని చెయ్యి, మెల్లగా నడక. ఏడో తరగతి. సగం మంది ఇళ్ళల్లో ఉర్దూ, కొందరిళ్ళల్లో హిందీ, మిగతావాళ్ళది తెలుగు. అందరూ కలిసి ఆడుకునేటప్పుడు ఏ భాషో చెప్పడం కష్టం.

మొదటిరోజే ఆవిడ మీద నాకు చులకన కలిగింది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు లేచి గట్టిగా చదువుతున్నారు. మా పంతుళ్ళ భాషలో దాన్ని ప్రకాశ పఠనం అంటారు. ఒక అమ్మాయి లేచింది. సన్నగా, రెండు జడలు, నూనె కారే నుదురు. మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. మొదటి అక్షరం పెదాల మీదికి వచ్చి అక్కడే కొట్టుకుంటోంది. కళ్ళు మూసుకుంది. ఎడమచేతి వేళ్ళతో గౌను అంచు నలుపుతోంది. అనసూయ టీచర్ ఆ అమ్మాయి నోటివైపు చూడలేదు. పుస్తకంలోకి చూస్తూ నిలబడ్డారు, ఆ పంక్తి కింద తన వేలు పెట్టుకొని, తనూ అక్కడే ఆగినట్టు. క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. ఒకడు పెన్సిలు చెక్కుకుంటున్నాడు. మాట వచ్చింది. తర్వాత ఇంకోటి. ఆ చిన్న పేరా అయ్యేసరికి పీరియడు చాలావరకు అయిపోయింది. నేను నా పరిశీలన పుస్తకంలో "సమయపాలన లోపించింది" అని రాశాను. అనసూయ టీచర్ అది చదివి కింద సంతకం పెట్టారు.

ఆ అమ్మాయే మమత. వాళ్ళమ్మ యాదమ్మ గుడిమల్కాపూర్ మార్కెట్‌లో పూలు అల్లుతుంది. తండ్రి లేడు.

తర్వాత నా వంతు వచ్చింది. దంచి చెప్పాను. గొంతు గంటలాగే ఉంది. ప్రశ్న నాదే, జవాబు నాదే. పిల్లలు కళ్ళప్పగించి చూస్తున్నారు, సినిమా చూసినట్టు. బాగా చెబుతున్నాననుకున్నాను. కొన్ని రోజులు చూసి, స్టాఫ్‌రూంలో టిఫిన్ డబ్బా మూత పెడుతూ అనసూయ టీచర్ అన్నారు, "నువ్వు మంచిగ చెప్తున్నవ్ బిడ్డా. వాళ్ళను చెప్పనిస్తలేవు." అంతే. ఆ రాత్రి నాకు కోపం వచ్చింది. ఆ తర్వాత కోపం పోయి, అది నిజమేనన్న సంగతి మిగిలింది.

నేర్చుకున్నాను. అబద్ధం చెప్పను, ఆ రోజుల్లో నేను నిజంగా నేర్చుకున్నాను. ప్రశ్న అడిగి నాలుక పళ్ళ మధ్య పెట్టుకొనేదాన్ని. కాళ్ళు అటూ ఇటూ పోకుండా బల్ల అంచు పట్టుకొనేదాన్ని. మొదట్లో ఆ నిశ్శబ్దం భరించలేకపోయేదాన్ని, ఎవరో నన్ను నలుగురిలో నిలబెట్టినట్టుండేది. మెల్లగా తెలిసింది, ఆ నిశ్శబ్దంలో పిల్లలు పని చేసుకుంటున్నారని. ఒక్కొక్కరే నోరు విప్పారు. ఎప్పుడూ వెనక బెంచీలో మొహం దాచుకునే పిల్లలు "టీచర్, నేను చెప్తా" అనసాగారు. ఒకరోజు మమత చెయ్యెత్తింది. ఎవరూ అడగకుండా తనే ఎత్తింది. లేచి, ఆగి, కళ్ళు మూసుకొని, మళ్ళీ ఆగి, పేరా మొత్తం చదివింది. చదివాక తలెత్తి నన్ను చూసింది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. నా జీవితంలో అంత సంతోషం మళ్ళీ కలగలేదు, నా పెళ్ళినాడు కూడా. ఇంటికి పోయి నాన్నకు చెప్పాను. నాన్న "ఊ" అన్నాడు.

అప్పటినుంచి ఆ పిల్ల నన్ను వదిలేది కాదు. బోర్డు తుడిచేది. సంచీలో అడుగున నలిగిన చామంతులు తెచ్చి బల్ల మీద పెట్టేది. నేను ఏ ప్రశ్న వేసినా చెయ్యెత్తేది.

మా కాలేజీ పిల్లలకు నేను చెప్పే కథ ఇక్కడ ఆగిపోతుంది. వాళ్ళు రాసుకుంటారు. కొందరికి కళ్ళు చెమ్మగిల్లుతాయి.

చివర్లో ఫైనల్ లెసన్ ఉంటుంది. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చి వెనక కూర్చొని మన పాఠం చూసి మార్కులు వేస్తారు. ఒక్క పీరియడు. అందులోనే పిల్లల్ని పాఠంలోకి దింపాలి, మనం చదవాలి, వాళ్ళతో చదివించాలి, కఠిన పదాలు, చర్చ, చివర్లో ప్రశ్నలు. ఏ మెట్టు మిగిలిపోయినా మార్కులు పోతాయి. అందుకని మాలో ఒక అలవాటు ఉండేది. క్లాసు సెట్ చేసుకోవడం అనేవాళ్ళం. చురుకైన పిల్లల్ని ముందు బెంచీల్లోకి తేవడం, జవాబులు ముందే చెప్పి ఉంచడం, చదవలేని వాళ్ళను ఆ ఒక్కరోజూ ఇంట్లో ఉండమనడం. ఎవరూ దీన్ని తప్పనుకోలేదు. ఇంటికి చుట్టాలొస్తుంటే చిరిగిన దుప్పటి తీసేస్తాం కదా, అంతే అన్నట్టు మాట్లాడుకునేవాళ్ళం. అనసూయ టీచర్‌కు తెలుసా అంటే, తెలిసే ఉంటుంది. ఎన్ని బ్యాచులను చూసిన మనిషి. నాతో మాత్రం ఆ ఊసెత్తలేదు. మిగతావాళ్ళు ఎట్లాంటి పిల్లల్ని ఆపేవాళ్ళో నాకు తెలియదు. నాకు చదవలేని పిల్లల ఫికర్ లేదు. వాళ్ళు చెయ్యెత్తరు. నా ఫికర్ అంతా చెయ్యెత్తే పిల్ల గురించి. మమత తప్పకుండా ఎత్తుతుంది. ఎత్తమని నేర్పింది నేనే. పిలిస్తే పీరియడంతా తినేస్తుంది. పిలవకపోతే ఎత్తిన చెయ్యి దించదు, ఎగ్జామినర్ కళ్ళు అక్కడే పడతాయి.

ముందురోజు మధ్యాహ్నం, అన్నాలయ్యాక, నల్లా దగ్గర గిన్నె కడుక్కుంటుంటే పక్కకు పిలిచాను. రేపు రావద్దని, ఎల్లుండి రమ్మని చెప్పాను. పెద్దసార్లు వస్తారని చెప్పాను. ఎందుకని అడగలేదు. నా మొహంలోకి చూసింది. సెలవు దొరికిందని సంతోషించి ఉంటుంది అనుకున్నాను, అంటే అట్లా అనుకోవాలని అనుకున్నాను. నిజానికి ఆ పిల్లకు అర్థమైంది. అర్థమైందని నాకూ తెలుసు. గిన్నెలో నీళ్ళు పారబోసి వెళ్ళిపోయింది.

లెసన్ అద్భుతంగా జరిగింది. ప్రతి ప్రశ్నకూ చేతులు లేచాయి. నేను ఆగాల్సిన చోట చక్కగా ఆగాను. ఎగ్జామినర్ ప్రత్యేకంగా దాన్నే మెచ్చుకున్నారు, పిల్లలకు ఆలోచించుకునే సమయం ఇచ్చానని.

ఆ మర్నాడు పొద్దున, ఇంకా ప్రేయరు గంట కొట్టలేదు. స్టాఫ్‌రూం బయట వరండాలో నేనూ అనసూయ టీచరూ నిలబడి ఉన్నాం. యాదమ్మ వచ్చింది. మార్కెట్ నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ళు తడిసి ఉన్నాయి. మమత రెక్క పట్టుకొని ఉంది.

"టీచరమ్మా, ఒక్క మాట అడిగి పోదామని వచ్చిన," అంది నాతో. "నిన్న గీ పిల్ల బడికి రాలే. నేను మార్కెట్ నుంచి వచ్చేసరికి ఇంట్ల కూసున్నది. ఏందే అంటే, టీచరే రావద్దన్నదని చెప్తది. టీచర్ గట్లెందుకంటది? బడికి రాండ్రి అంటరు గని, రావద్దంటరా?"

నేను చేతిలోని చాక్‌పీసు డబ్బాను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాను.

"సదువు మీద మనసు లేకుంటే చెప్పు, నాతోని మార్కెట్‌కు రా, పూలు అల్లు అన్న. గంతే గని అబద్ధాలు నేర్వకు అన్న. మీ ముంగటనే తేల్చుకుందామని తోల్కొచ్చిన. మీరు నిజంగ అన్నరా టీచరమ్మా?"

అనసూయ టీచర్ నావైపు తిరిగారు. "ఏం బిడ్డా, అన్నవా?"

"లేదు టీచర్," అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. అక్కడితో ఆగలేదు. "నేనెందుకంట? పెద్దసార్లు వస్తరు, అందరు మంచిగ తయారై రాండ్రి అని చెప్పిన. ఇగ తనే రాలేదు."

మమత నోరు తెరిచింది. "మీ... మీ..." అంది. కళ్ళు మూసుకుంది. ఎడమచేతి వేళ్ళు గౌను అంచు పట్టుకున్నాయి. ఆ మాట వస్తుందని నాకు తెలుసు. అది ఏ మాటో కూడా తెలుసు. కళ్ళు మూసుకున్నాక కాసేపు ఆగితే ఆ పిల్లకు మాట తప్పకుండా వస్తుంది. ఈ లోకంలో ఆ సంగతి అనసూయ టీచర్ తర్వాత నాకే బాగా తెలుసు. కాసేపే. ఆగితే చాలు.

"పోనీలే మమతా," అన్నాను, చాలా మెత్తగా. "ఏం కాదులే. ఇంకోసారి గిట్ల చెయ్యకు."

నేను ఆ పిల్లను క్షమించాను. వింటున్నారా? క్షమించింది నేను.

యాదమ్మ ఆ పిల్ల వీపు మీద ఒక్కటిచ్చింది. "చూసినవా? టీచరమ్మ మంచిది గాబట్టి నిన్నేం అంటలేదు," అని, నాకు చేతులు జోడించింది. "తప్పయింది టీచరమ్మా. మీ మీద లేనిపోనిది చెప్పింది. మనసుల పెట్టుకోకుండ్రి."

మమత కళ్ళు తెరిచింది. నోరు మూసుకుంది. ఏడవలేదు.

అనసూయ టీచర్ ఆ పిల్లవైపు చూడలేదు. నన్నే చూస్తున్నారు. కోపంగా కాదు. క్లాసులో ఎవరైనా మాట కోసం తడుముకుంటుంటే నిలబడతారే, అట్లా నిలబడ్డారు. ఆవిడ నాకోసం ఆగుతున్నారని నాకు అర్థమైంది. నేను తల దించుకొని చేతిలో చాక్‌పీసు డబ్బా మూత సరిచేసుకున్నాను. గంట కొట్టారు. "పదుండ్రి, ప్రేయరు అయితుంది," అన్నారు ఆవిడ.

ఆ తర్వాత మమత కొన్నాళ్ళు వచ్చింది. బోర్డు తుడవడానికి రాలేదు. చెయ్యెత్తలేదు. ఒకరోజు నేనే పిలిచాను, చదవమని. లేచి నిలబడి పుస్తకం తెరిచింది. మాట అడ్డుపడటం కాదు, అసలు పెదాలే కదల్లేదు. నేను ఆగాను. చాలాసేపు ఆగాను, నేర్చుకున్నట్టే. క్లాసంతా ఆగింది. ఆ పిల్ల పుస్తకంలోకి చూస్తూ ఊరికే నిలబడింది. చివరికి కూర్చోమన్నాను.

నా బడి రోజులు అయిపోయాయి. సర్టిఫికెట్ మీద సంతకం కోసం మళ్ళీ పోయినప్పుడు అనసూయ టీచర్ చెప్పారు. "మమత వస్తలేదు. వాళ్ళమ్మ మార్కెట్‌కు తీస్కపోతున్నదట. ఇంటికి పోయి మాట్లాడిన. తల్లి పంపుతనన్నది. పిల్లనే రానన్నది." సంతకం పెట్టి, కాగితం వెంటనే ఇవ్వలేదు. చేతిలో పట్టుకొని కూర్చున్నారు. అప్పుడు చెప్పి ఉండవచ్చు. మేమిద్దరమే ఉన్నాం. నేను "అయ్యో" అన్నాను. కాగితం తీసుకొని వచ్చేశాను.

ఎందుకు అబద్ధమాడాను? ఎన్నిసార్లు అడుక్కున్నానో. మార్కుల కోసమని చాలాకాలం నన్ను నేను సముదాయించుకున్నాను, చిన్న వయసు, భయం, ఉద్యోగం, ఇంట్లో నా తర్వాత ఇద్దరు చెల్లెళ్ళు అని ఒకదాని మీద ఒకటి పేర్చుకున్నాను. కానీ ఎగ్జామినర్ అప్పటికే వెళ్ళిపోయారు కదా. మార్కులు కవరులో పెట్టి అంటించేశారు కదా. "అవును, నేనే అన్నాను" అంటే ఏం పోయేది? అనసూయ టీచర్ ఒక మాట అనేవారు. యాదమ్మ "గట్లనా" అని వెళ్ళిపోయేది. మమత క్లాసుకు పోయి కూర్చునేది. అంతకంటే ఏమీ జరిగేది కాదు. పోయేదల్లా ఒకటే, మంచి టీచరునన్న పేరు, అదీ ఆ వరండాలో ఉన్న ముగ్గురి ముందు. దానికోసం, మాట పెగలని పిల్లను నా ఎదురుగా పెట్టుకొని, ఎట్లాగూ ఎదురు చెప్పలేదన్న ధైర్యంతో అబద్ధమాడాను. చెప్పగలిగే పిల్ల అయితే ఆడేదాన్నా? ఆడేదాన్ని కాదు. ఇదే నాకు అన్నిటికంటే ఎక్కువ అసహ్యం కలిగిస్తుంది. నత్తిని లెక్కలో వేసుకున్నాను.

వెతికానా అని మీరు అడుగుతారు. వదిన కూతురి పెళ్ళికి పూల కోసం గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోవాల్సి వచ్చింది ఒకసారి. బారుగా కూర్చొని అల్లుతున్న ఆడవాళ్ళు. ఆ వయసు ఉన్న ప్రతి ఒక్కరి మొహం చూస్తున్నాను, చూసి వెంటనే తిప్పుకుంటున్నాను. ఎవరైనా మాట దగ్గర ఆగుతారేమోనని చెవులు అటే ఉన్నాయి. మొదటి దుకాణంలోనే చెప్పిన ధరకు కొనేసి, ఆలస్యమవుతోందని వదినను లాక్కొచ్చాను. బేరం కూడా ఆడలేదని ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. అనసూయ టీచర్ ఫోన్ నంబరు నా దగ్గర ఉంది. ఎప్పుడూ చెయ్యలేదు.

ఈ ఏడు ఆ పాఠం చెప్పి ముగించాక, ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి చెయ్యెత్తింది. "తర్వాత ఆ పాప ఏమైంది మేడం?" అని అడిగింది. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. అందరికీ ఆ చదివిన పేరా చాలు. నేను ఆగాను. క్లాసు ఎదురుచూసింది.

"బాగా చదువుకుంది," అన్నాను.

వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల మీద నేనాడిన రెండో అబద్ధం అది. మొదటిదాని తర్వాత రాత్రుళ్ళు నిద్ర పట్టలేదు. రెండోదాని తర్వాత హాయిగా అన్నం తిన్నాను, నిద్రపోయాను. పొద్దున లేచాక దానికి భయపడ్డాను.

అందుకని ఈ కాగితాలు. ఇవి ఎవరికీ పంపను. ఇవి మమత చేతికి అందవు. అందినా, చదువుతుందో లేదో. క్షమించమని అడగడం లేదు, ఆ మాటను నేను ఒకసారి వాడి పాడుచేశాను. రేపు క్లాసులో లేచి నిజం చెప్పేంత ధైర్యం వస్తుందని మీకు మాటివ్వలేను. ఆ రోజు వరండాలో ఒక తల్లి నన్ను ఒక ప్రశ్న అడిగింది. దానికి జవాబు ఎక్కడా లేదు, నా నోట్లో తప్ప. ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. అది రాయడానికి కూర్చొని, దాని చుట్టూ ఇంతసేపు తిరిగాను. రాస్తే కాస్త ఊపిరి ఆడుతుందేమో. అంతకుమించి ఏమీ ఆశించడం లేదు.

అవును యాదమ్మా. రావద్దని నేనే అన్న. నీ బిడ్డ నీకు నిజమే చెప్పింది.